బ్రెస్ట్ లిఫ్ట్ సర్జరీకి ముందు ఏమేం తెలుసుకోవాలి? బెంగళూరులో చేయించుకున్నవాళ్లు చెప్పండి

నీలిగోరింట (మారతహళ్లి)

అందరికీ నమస్కారం. నాకు 37 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. చిన్నది పాలు మాని ఏడాది దాటింది. రెండో కాన్పులో పెరిగిన బరువు తగ్గించుకున్నాను, కానీ దాంతోపాటే రొమ్ములు బాగా జారిపోయాయి. బ్రా వేసుకుంటే కప్పు పైభాగం ఖాళీగా ముడత పడుతుంది. తీసేస్తే చనుమొనలు కిందికి చూస్తుంటాయి. ఎండాకాలంలో కింది మడతలో చెమట నిలిచి, ఒరుసుకుని మంట పుడుతుంది.

మా ఆయన "నీ ఒళ్లు, నీ ఇష్టం" అన్నారు. అనంతపురంలో ఉన్న అమ్మకు ఇంకా చెప్పలేదు. ఫోన్ తెరిస్తే క్లినిక్‌ల ప్రకటనలే కనిపిస్తున్నాయి. చేయించుకున్న ఆడవాళ్ల మాట తెలుగులో ఎక్కడా దొరకలేదు. డాక్టరును కలిసే ముందు ఏం తెలుసుకుని వెళ్లాలి? మచ్చలు ఎలా ఉంటాయి? పిల్లల్ని ఎత్తుకోవడానికి ఎన్నాళ్లు ఆగాలి? ఇన్సూరెన్స్ వస్తుందా? మొహమాటం లేకుండా చెప్పండి.

జయనగర్_లక్ష్మి

నేను చేయించుకున్నాను చెల్లీ, కొన్నేళ్లయింది. సంతోషంగానే ఉన్నాను. అయినా ముందు కష్టమైన సంగతే చెబుతాను.

ఈ సర్జరీలో ఆకారం వస్తుంది, బదులుగా మచ్చలు మిగులుతాయి. దీనికి మనసు ఒప్పుకుంటేనే ముందుకెళ్లాలి. సాగిన చర్మాన్ని కోసి తీసేస్తారు, లోపలి కణజాలాన్ని పైకి జరిపి కుడతారు, చనుమొనను పైస్థానానికి మారుస్తారు. చనుమొనను ఊడదీసి మళ్లీ అతికిస్తారేమోనని నేను హడలిపోయాను. మామూలు లిఫ్ట్‌లో అలా చేయరు. అది రక్తనాళాలతో లోపలి కణజాలానికి అంటుకునే ఉంటుంది, చుట్టూ ఉన్న చర్మాన్నే మారుస్తారు.

ఎంత జారిందన్న దాన్ని బట్టి కోత ఉంటుంది. కొద్దిగా జారితే చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం అంచున మాత్రమే కోస్తారు. ఇంకాస్త ఎక్కువైతే ఆ వలయం నుంచి కింది మడత దాకా నిలువు కోత కూడా పడుతుంది, దాన్ని లాలీపాప్ అంటారు. బాగా జారితే మడత వెంట అడ్డంగా మరో కోత, మొత్తం లంగరు ఆకారంలో. నాకు చేసింది అదే. మొదటి నెలల్లో ఎర్రగా, గట్టిగా ఉండేవి. తర్వాత ముదురు గోధుమరంగుకు తిరిగాయి, ఏడాది దాటాక సన్నబడ్డాయి. అడ్డగీత మడతలో దాగిపోయింది. నిలువుగీత మాత్రం దగ్గరగా చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది. "మచ్చ పడకుండా చేస్తాం" అనే క్లినిక్ గడప తొక్కకండి.

ఇంకొకటి. లిఫ్ట్‌తో సైజు పెరగదు. చర్మం తీసేస్తారు కాబట్టి చాలామందికి కాస్త చిన్నగానే అనిపిస్తుంది. పైభాగం ఖాళీగా ఉందన్నారు కదా, లిఫ్ట్ ఒక్కటే ఆ ఖాళీని నింపకపోవచ్చు. మీకు కావాల్సింది ఎత్తా, నిండుదనమా, రెండూనా అన్నది డాక్టరుకు ముందే స్పష్టంగా చెప్పండి.

కోలారు_వాణి

తప్పుగా అనుకోకండి. ఇద్దరు పిల్లలకు పాలిచ్చిన ఒళ్లు అలాగే ఉంటుంది. నువ్వుల నూనెతో మర్దన, పుషప్స్ చేస్తే చాలదా? కత్తి దాకా వెళ్లడం దేనికి? మత్తుమందంటేనే నాకు భయం, మీ మీద అభిమానంతోనే అడుగుతున్నా.

ఓటీ_సిస్టర్ (చిత్తూరు, ప్రస్తుతం బెంగళూరు)

వాణిగారూ, మీ భయం అర్థమైంది. మా ఇళ్లలోనూ ఇదే మాట అంటారు. నేను పన్నెండో తరగతి అయ్యాక నర్సింగ్ చదివి ఆపరేషన్ థియేటర్లోనే పనిచేస్తున్నాను, కాబట్టి తెలిసింది చెబుతాను.

రొమ్ములో కండరం లేదు. కొవ్వు, పాలగ్రంథులు, వాటిని పట్టి ఉంచే సన్నని బంధకాలు ఉంటాయి. కండరం ఉన్నది రొమ్ము వెనుక, ఛాతీ గోడ మీద. పుషప్స్‌తో ఆ కండరం బలపడుతుంది, ఆరోగ్యానికి మంచిదే. కానీ సాగిపోయిన చర్మం, బంధకాలు వ్యాయామంతో గానీ నూనెతో గానీ క్రీముతో గానీ మళ్లీ బిగుసుకోవు.

పాలివ్వడం వల్లే జారుతుందన్న మాట కూడా నిజం కాదు. దీని మీద జరిగిన పరిశోధనలో పాలిచ్చిన తల్లులకూ ఇవ్వనివాళ్లకూ ఆ విషయంలో తేడా కనిపించలేదు. వయసు, ఎన్నిసార్లు గర్భం వచ్చింది, శరీర బరువు, గర్భానికి ముందే రొమ్ములు పెద్దవిగా ఉండటం, పొగతాగడం, ఇవే కారణాలుగా తేలాయి. ఈ మాట గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, అందం పాడవుతుందని బిడ్డకు పాలు మాన్పించే తల్లుల్ని నా కళ్లతో చూస్తున్నాను.

చేయించుకోవడం, మానడం నీలిగోరింటగారి ఇష్టం. ఇది ప్రాణావసరం కాదు, సరిగ్గా అందుకే తొందరపడాల్సిన పనే లేదు. ఇంకా పిల్లలు కావాలనుకుంటే మాత్రం ఆగండి. మళ్లీ గర్భం వస్తే మళ్లీ సాగుతుంది. పైగా సర్జరీ తర్వాత కొందరికి పాలు తగ్గుతాయి, చనుమొన స్పర్శ కూడా మారవచ్చు. కొందరికి నెలల్లో తిరిగి వస్తుంది, కొందరికి పూర్తిగా రాదు. పాలు మాన్పించాక కనీసం ఆరు నెలలు, బరువు స్థిరపడి మరికొన్ని నెలలు గడిస్తేనే సర్జన్‌కు సరైన కొలతలు దొరుకుతాయి.

కోలారు_వాణి

పాలివ్వడం గురించి నాకు తెలియదు సిస్టర్. మా కోడలికి ఇప్పుడు ఏడో నెల, తనకు చదివి వినిపిస్తాను.

పుంగనూరు_పిల్ల (హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్)

నేను బేరియాట్రిక్ సర్జరీ చేయించుకుని చాలా బరువు తగ్గాను. నాకూ ఇదే సమస్య. ఒక క్లినిక్‌లో "లిఫ్ట్‌తో పాటు ఇంప్లాంట్ కూడా పెట్టించుకోండి, ప్యాకేజీలో కలిసొస్తుంది" అన్నారు. డాక్టరును చూడకముందే కౌన్సిలర్ వచ్చి, ఈ నెలాఖరులోపు అడ్వాన్సు కడితే తగ్గింపు అని కూర్చుంది. నాకు గుండె దడదడలాడింది, లేచి వచ్చేశాను. ఇంప్లాంట్ నిజంగా అవసరమా?

ఓటీ_సిస్టర్

లేచి రావడం చాలా మంచి పని చేశావు తల్లీ. నెలాఖరు గడువు పెట్టి అమ్మడానికి ఇదేమైనా చీరా?

ఇంప్లాంట్ అంటే రొమ్ము లోపల పెట్టే కృత్రిమ సంచి, అది అందరికీ అవసరం లేదు. నిండుదనం కావాలనుకునేవాళ్లకు అదొక దారి. పొట్ట నుంచో తొడల నుంచో తీసిన కొవ్వు ఎక్కించడం ఇంకో దారి, కానీ అందులో కొంత భాగం శరీరంలో కరిగిపోతుంది. ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదు. తర్వాత ఎప్పుడో తీయించడమో మార్పించడమో ఉంటుంది, ఆ ఖర్చు కూడా ఇప్పుడే లెక్కేసుకోవాలి. దాని బరువుకు చర్మం మళ్లీ సాగవచ్చు కూడా. గరుకు ఉపరితలం ఉన్న కొన్ని ఇంప్లాంట్ల వల్ల అరుదైన ఒక రకం లింఫోమా (రోగనిరోధక కణాల క్యాన్సర్) వస్తోందని తేలి, 2019లో అలర్గన్ కంపెనీ తన బయోసెల్ రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. 2021లో అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇంప్లాంట్ల మీద తీవ్రమైన హెచ్చరిక తప్పనిసరి చేసింది. కాబట్టి పెట్టించుకుంటే ఏ కంపెనీ, ఏ రకం, సీరియల్ నంబరు ఉన్న కార్డు చేతికి తీసుకోవాల్సిందే. సిలికాన్ జెల్ రకం అయితే అది లోపల చిరిగినా బయటికి తెలియకపోవచ్చు. అందుకే ఐదారేళ్ల తర్వాత ఒకసారి, అక్కడి నుంచి రెండు మూడేళ్లకోసారి ఎంఆర్‌ఐ గానీ అల్ట్రాసౌండ్ గానీ చేయించుకోవాలని ఎఫ్‌డీఏ చెబుతుంది.

నీకు ప్రత్యేకంగా ఒక మాట. బేరియాట్రిక్ తర్వాత ప్రొటీన్, ఐరన్ తక్కువగా ఉంటే గాయం మానదు. హిమోగ్లోబిన్, ఆల్బుమిన్ పరీక్షలు చూపించకుండా డేటు తీసుకోకు. బరువు తగ్గే ఇంజెక్షన్లు తీసుకుంటుంటే మత్తు డాక్టరుకు దాచకుండా చెప్పు. వాటివల్ల కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, పరగడుపున ఉన్నా మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది.

వైట్‌ఫీల్డ్_రెడ్డి

మగవాడిని, అనుమతి ఉంటే ఖర్చు గురించి రాస్తాను. నా భార్యకు చేయించినప్పుడు బిల్లుల పని అంతా నాదే.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్ణయించిన మినహాయింపుల్లో (బీమా డబ్బు రాని వాటిలో) కాస్మెటిక్ సర్జరీకి Excl08 అని కోడ్ ఉంది, మీ పాలసీ కాగితాల్లో చూడండి. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణం, లేదా ఆరోగ్యానికి ప్రత్యక్షంగా ప్రమాదం ఉందని డాక్టరు ధ్రువీకరించిన చికిత్స మాత్రమే ఈ మినహాయింపు కిందికి రావు. రొమ్ముల బరువుకు మెడ, వెన్ను నొప్పులుంటే అవసరమయ్యేది లిఫ్ట్ కాదు, రిడక్షన్, అంటే సైజు తగ్గించే సర్జరీ. దానికైనా ముందే కంపెనీకి రాసి జవాబు తెప్పించుకోవాలి.

రెండోది జీఎస్‌టీ. వైద్యానికి పన్ను లేదని మనం అనుకుంటాం. కాస్మెటిక్ సర్జరీకి 18 శాతం ఉంది. లక్షన్నర అని చెబితే దాని మీద మరో 27,000 పడుతుంది. చెప్పిన అంకెలో సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు, థియేటరు, గది, పరీక్షలు, సర్జికల్ బ్రా, తర్వాతి డ్రెస్సింగులు ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. గాయం విప్పుకున్నా, రక్తం గడ్డకట్టి మళ్లీ థియేటరుకు తీసుకెళ్లాల్సి వచ్చినా ఆ ఖర్చు ఎవరిదన్నది చాలామంది అడగరు. మేము అడిగాం, రాసిచ్చారు.

జయనగర్_లక్ష్మి

రెడ్డిగారు బాగా చెప్పారు. సర్జన్‌ను ఎంచుకోవడం గురించి నేను చెబుతాను.

పేరు వెనుక ఎంసీహెచ్ ప్లాస్టిక్ సర్జరీ గానీ, అదే శాఖలో డీఎన్‌బీ గానీ ఉండాలి. కాస్మెటాలజీ డిప్లొమా దీనికి చాలదు. కర్ణాటక మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడిగి తీసుకుని చూసుకోండి. నేషనల్ మెడికల్ కమిషన్ రిజిస్టర్లో కూడా పేరు వెతకవచ్చు. ఇక్కడి ప్రైవేటు ఆసుపత్రులు, క్లినిక్‌లు కర్ణాటక ప్రైవేటు వైద్య సంస్థల చట్టం (కేపీఎంఈ) కింద రిజిస్టరై ఉండాలి, ఆ సర్టిఫికెట్ చూపించమనండి. థియేటర్లో మొదటి నుంచి చివరిదాకా మత్తు డాక్టరు ఉంటారా, ఏదైనా అయితే ఐసీయూ ఎక్కడ, రాత్రి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారు అని అడగండి. అడిగితే విసుక్కునే చోట ఒళ్లు అప్పగించకూడదు.

ఫొటోలు చూపిస్తారు కదా, కొత్తవి కాకుండా ఏడాది దాటినవి చూపమనండి. మన రంగు చర్మం ఉన్నవాళ్లవి, మీ అంత జారినవాళ్లవి. మీ ఫొటోలు కూడా తీస్తారు, అది అవసరమే. ప్రకటనలకు వాడకూడదని అంగీకారపత్రంలో రాయించండి. నేను ఆ వాక్యం కొట్టేయించాకే సంతకం పెట్టాను.

మొదటిసారి చూసినప్పుడు మా డాక్టరు టేపు తీసి గొంతు కింది గుంట నుంచి చనుమొన దాకా కొలిచారు, రెండు వైపులా. ఎడమవైపు సెంటీమీటరుకు పైగా కిందికి ఉందని అప్పుడే తెలిసింది. చనుమొన కింది మడతకు సమానంగా ఉంటే మొదటి దశ, మడతకన్నా కిందికి దిగితే రెండో దశ, రొమ్ములో అన్నిటికన్నా కిందికి పోయి నేలకేసి ఉంటే మూడో దశ. మీ దశ అడిగి తెలుసుకోండి, కోత దాన్ని బట్టే. బాగా జారినవాళ్లకు వలయం చుట్టూ మాత్రమే కోసి సరిపెడతామంటే అనుమానించండి. రొమ్ము బల్లపరుపుగా అయిపోతుంది, వలయం సాగి వెడల్పవుతుంది.

సర్జరీ రోజు పొద్దున మత్తు ఇవ్వకముందే నిలబెట్టి మార్కర్ పెన్నుతో గీతలు గీస్తారు. పడుకుంటే రొమ్ము పక్కలకు జారిపోతుంది కాబట్టి నిలబడినప్పుడే గీయాలి. ఆ సమయంలో అద్దం ముందు నిలబడి, చనుమొన ఎక్కడికి వస్తుందో చూపించమని అడిగాను. చాలా ధైర్యం వచ్చింది.

ఎక్స్‌రేగది (కేఆర్ పురం)

మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే తీసే పని నాది. ఇక్కడ ఎవరూ ఇంకా రాయలేదు కాబట్టి రాస్తున్నా.

సర్జరీకి ముందు రొమ్ము పరీక్ష చేయించుకోండి. 40 దాటితే మామోగ్రామ్. అంతకన్నా చిన్నవాళ్లకు డాక్టరు సలహా మీద అల్ట్రాసౌండ్. అమ్మకో, అక్కకో, పిన్నికో రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే వయసుతో పని లేదు, ముందే చెప్పాలి. గడ్డ తగిలినా, చనుమొన నుంచి రక్తం లాంటిది వచ్చినా, ఒకవైపే చర్మం లోపలికి లాగినట్టున్నా లిఫ్ట్ మాట పక్కన పెట్టి ఆ సంగతి తేల్చుకోవాలి.

లిఫ్ట్ వల్ల క్యాన్సర్ రాదు. కానీ కోసి కుట్టిన చోట లోపల మచ్చలు, సున్నం చుక్కలు ఏర్పడి ఫిల్మ్‌లో కొత్తగా కనిపిస్తాయి. పాత ఫిల్ములు చేతిలో ఉంటే రేడియాలజిస్టు పోల్చి చూస్తారు, లేనిపోని బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) తప్పుతుంది. తర్వాత ఎప్పుడు తీయించుకున్నా "నాకు లిఫ్ట్ అయింది" అని మొదటే చెప్పండి. సిగ్గుపడి దాచేవాళ్లు ఉన్నారు, వాళ్ల కోసమే ఇంత రాశాను.

నీలిగోరింట

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. మా పెద్దమ్మకు 50 ఏళ్లప్పుడు రొమ్ము క్యాన్సర్ వచ్చింది, అది చెప్పాలనే నాకు తట్టలేదు. రేపే ఫోన్ చేసి పాత రిపోర్టులు అడుగుతాను. ఇంకో అనుమానం. నాకు చెవి పైన కుట్టించుకున్న చోట గట్టి బుడిపె వచ్చింది, తగ్గలేదు. దీనికీ దానికీ సంబంధం ఉందా?

ఓటీ_సిస్టర్

ఉంది! తప్పకుండా సర్జన్‌కు చూపించండి. అది కీలాయిడ్, అంటే గాయాన్ని మించి ఉబ్బి పెరిగే మచ్చ కావచ్చు. భుజం మీది బీసీజీ టీకా మచ్చ కూడా ఉబ్బి గట్టిగా ఉందేమో చూసుకోండి. మన చర్మానికి ఆ గుణం కొంచెం ఎక్కువ, ఛాతీ మీద ఇంకా ఎక్కువ. అంతమాత్రాన సర్జరీ వద్దని కాదు. మచ్చ ఉబ్బే అవకాశం ఎంతో ముందే మాట్లాడుకోవాలి, గాయం మానగానే సిలికాన్ షీట్లు నెలల తరబడి వాడాలి, అవసరమైతే ఇంజెక్షన్లు ఇస్తారు. ఎవరి మచ్చ ఎలా మానుతుందో ఏ సర్జనూ ఖాయంగా చెప్పలేరు.

సర్జరీ ముందు జాగ్రత్తలు కూడా ఇక్కడే రాస్తాను. సిగరెట్, హుక్కా, వేప్ ఏదైనా కనీసం నాలుగు వారాల ముందే మానాలి, తర్వాత కూడా. నికోటిన్ రక్తనాళాల్ని ముడుచుకునేలా చేస్తుంది. చనుమొనకు రక్తం అందక నల్లబడి చర్మం చచ్చిపోయిన కేసులు ఎక్కువగా పొగతాగేవాళ్లవే. షుగర్ ఉంటే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్) అదుపులో ఉండాలి. ఆస్పిరిన్, బ్రూఫెన్, విటమిన్ ఇ, చేపనూనె మాత్రలు, వెల్లుల్లి మాత్రలు రక్తస్రావం పెంచుతాయి. ఎప్పుడు ఆపాలో డాక్టరునే అడగండి, గుండెకు వాడే ఆస్పిరిన్‌ను సొంతంగా ఆపకూడదు. గర్భనిరోధక మాత్రలు వేసుకుంటుంటే అదీ చెప్పండి, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని లెక్కలోకి తీసుకుంటారు.

పుంగనూరు_పిల్ల

నొప్పి ఎలా ఉంటుంది అక్కా? నేను పీజీలో ఒంటరిగా ఉంటాను.

జయనగర్_లక్ష్మి

ఒంటరిగా కుదరదు, పిల్లా. మొదటి కొన్ని రోజులు ఎవరైనా పక్కన ఉండాలి. నొప్పి మాత్రలతో అదుపులో ఉంటుంది, నేను భయపడినంత లేదు. బిగుతు, వాపు, దురద, ఇవే ఎక్కువ విసిగించాయి. వెల్లకిలా, వెనుక రెండు దిండ్లు పెట్టుకుని పడుకోవాలి. పక్కకు తిరిగే అలవాటున్నవాళ్లకు నిద్ర పట్టదు. సర్జరీ రోజు సాయంత్రమే లేచి నాలుగడుగులు వేయాలి, రక్తం గడ్డకట్టకుండా.

కూర్చుని చేసే ఉద్యోగమైతే వారం, రెండు వారాల్లో మొదలుపెట్టవచ్చు. బరువులు, పిల్లల్ని ఎత్తుకోవడం, జిమ్ముకు నాలుగు నుంచి ఆరు వారాలు. మా పాప ఎత్తుకోమని ఏడుస్తుంటే నేను సోఫాలో కూర్చునేదాన్ని, అదే ఎక్కి ఒళ్లో కూర్చునేది. బ్రేకు గట్టిగా తొక్కినా నొప్పి రానప్పుడు, మత్తు కలిగించే మాత్రలు ఆపాకే కారు నడపాలి. ఆటో మాత్రం వద్దు. సిల్క్ బోర్డు నుంచి ఇంటిదాకా ఒక్కో స్పీడ్ బ్రేకరు ప్రాణం తీసింది. డిశ్చార్జి రోజు కారు పెట్టుకుని, సీటు బెల్టుకూ ఛాతీకీ మధ్య మెత్తటి దిండు పెట్టుకోండి.

ఓటీ_సిస్టర్

ఇంటికొచ్చాక ఒకవైపే ఉన్నట్టుండి ఉబ్బి బిగుసుకుపోతే, జ్వరం, చీము, దుర్వాసన వస్తే, చనుమొన నీలంగా గానీ నల్లగా గానీ మారితే తెల్లారేదాకా ఆగకండి. పిక్కలో నొప్పి, వాపు, ఊపిరాడకపోవడం ఉంటే క్లినిక్‌కు ఫోన్ చేస్తూ కూర్చోకుండా నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. నిలువు కోత, అడ్డ కోత కలిసే మూల దగ్గర చిన్నగా గాయం విప్పుకోవడం మాత్రం తరచుగా జరిగేదే. డ్రెస్సింగులతో మానుతుంది, కంగారుపడకుండా చూపించుకోండి.

నీలిగోరింట

ఇద్దరు సర్జన్లను కలిసి వచ్చాను. మొదటాయన నా బుడిపె చూడనే లేదు, నేరుగా డేటు అడిగారు. రెండో ఆవిడ టేపుతో కొలిచి మూడో దశ అన్నారు, లంగరు కోత తప్పదన్నారు. చెవి బుడిపె కీలాయిడే. అద్దం ముందు నిలబెట్టి, పెన్నుతో గీతలు ఎక్కడెక్కడ వస్తాయో గీసి చూపించారు. "ఈ గీతల్ని ఇంట్లో అద్దంలో రోజూ చూసుకోండి. ఇవి ఉబ్బినా ఫరవాలేదనిపిస్తే రండి" అన్నారు. ఇంప్లాంట్ వద్దనుకున్నాను, పైభాగం అంత నిండుగా రాకపోయినా సరే. పెద్దమ్మ సంగతి విని మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ రెండూ రాశారు. అవి వచ్చేదాకా డేటు తీసుకోవడం లేదు.

అమ్మకు కూడా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ మడతలో పుండ్లు నాకూ ఉండేవే, ఎవరితో చెప్పుకోవాలో తెలిసేది కాదు" అంది. పిల్లల్ని చూసుకోవడానికి తనే వస్తానంది.

జయనగర్_లక్ష్మి

అమ్మ వస్తున్నారంటే సగం భారం దిగినట్టే. రిపోర్టులు వచ్చాక ఇక్కడ రాయండి. డేటు ఖాయమైతే ముందే వంటింట్లో పై అరల్లో ఉన్న డబ్బాలన్నీ నడుము ఎత్తుకు దించేయండి, చేతులు పైకెత్తడం కొన్ని వారాలు కష్టం. ముందు గుండీలుండే నైటీలు తీసి పెట్టుకోండి. ముందు హుక్కులుండే కాటన్ బ్రాలు ఇప్పుడే కొనకండి, వాపు తగ్గాక సైజు మారుతుంది. అప్పటిదాకా ఆసుపత్రివాళ్లు ఇచ్చిందే, ఉతుక్కోవడానికి రెండు అడిగి తీసుకోండి.